ఏ ఊరు, ఏ వీధి?

(తాడిమర్రిలో జరిగిన మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నాకు ఇచ్చిన కాగితంలో "దుకాణాలలో వివక్ష" అని రాశారు. నాకంటే ముందు మాట్లాడిన మిత్రురాలు భూమి పట్టాల గురించి చెప్పింది. నా తర్వాత మాట్లాడే ఆమె గృహహింస చట్టం గురించి చెప్పబోతోంది. ఈ రెండింటి మధ్య తలనూనె, షాంపూ, దువ్వెన గురించి మాట్లాడితే కొందరికి నవ్వు రావచ్చు. 2022 జూన్ 30న చిల్లకొండయ్యపల్లి దగ్గర కరెంటు తీగ ఆటో మీద పడి అయిదుగురు కూలి ఆడవాళ్ళు కాలిపోయిన మండలం ఇది. ప్రాణాలకే దిక్కులేని చోట తలనూనె సంగతా అని ఎవరైనా అడిగితే తప్పు పట్టను. అయినా ఇది చిన్న విషయమని మాత్రం ఒప్పుకోను.

కారంచేడు సంగతి తీసుకోండి. 1985 జూలై 17న అక్కడ ఆరుగురు దళితులను చంపారు. అంతకుముందు రోజు జరిగినదేమిటి? తాగే నీళ్ళ చెరువును పాడు చేయవద్దని అడ్డు చెప్పినందుకు, కొట్టబోయిన వాళ్ళ మీదికి మున్నంగి సువార్తమ్మ బిందె ఎత్తినందుకు అంత పని జరిగింది. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. అక్కడ గొడవకు మొదలు సినిమా హాల్లో ఒకరి కాలు ఇంకొకరికి తగలడం. చెరువు గట్టు, సినిమా హాలు, హోటలు, అంగడి అందరూ కలిసే చోట్లు. నువ్వు మాతో సమానం కాదని గుర్తు చేసే పని కూడా అక్కడే జరుగుతుంది. గుర్తు చేసిన ప్రతిసారీ మనం తల వంచుకొని వస్తే గొడవ ఉండదు. గొడవ లేదు కాబట్టి వివక్ష కూడా లేదని అధికారులు రాసుకుంటారు.

మా చిన్నతనంలో తలకు సంబంధించిన సరుకు ఏదీ అంగట్లో కొనేవాళ్ళం కాదు. కుంకుడుకాయలు దంచేవాళ్ళం, లేకపోతే శీకాయ, అదీ లేకపోతే ఉత్త నీళ్ళు. నూనె మాత్రం కొనాలి. చిన్న సీసా పట్టుకొని అంగడి అరుగు కింద నిలబడేవాళ్ళం. డబ్బులు అరుగు మీద పెట్టి వెనక్కి జరగాలి. ఆయన తీసుకొని, సీసాలో ఎత్తు నుంచి నూనె పోసి, అరుగు చివర పెట్టేవాడు. సీసాకు చెయ్యి తగలకుండా నూనె ఒలకకుండా పోయడంలో ఆయనకు మంచి నేర్పు ఉండేది! మా అమ్మకు అది అవమానమని కూడా తోచేది కాదు. అంగడి అంటే అట్లానే ఉంటుందని అనుకునేది.

తర్వాత ప్యాకెట్లు వచ్చాయి. 1983లో కడలూరులో మొదలైన చిక్ షాంపూ లాంటివి ఒక్క రూపాయికీ, కొన్నేళ్ళకు అర్ధ రూపాయికీ దొరకసాగాయి. కంపెనీల వాళ్ళు పేదల మీద ప్రేమతో ఆ పని చేశారని నేను అనను. కానీ కూలి చేసుకునే ఆడదానికి కూడా వాసన వచ్చే జుట్టు కావాలని ఉంటుందని వాళ్ళు గుర్తించారు. మన సంఘాల్లో చాలాకాలం ఆ మాత్రం కూడా గుర్తించలేదు. అలంకరణ అంటే పితృస్వామ్యం వేసిన సంకెల అని పాఠం చెప్పేవాళ్ళం. ఆ పాఠంలో నిజం ఉంది. అయితే పూలు పెట్టుకోవడానికీ, చెప్పులు తొడుక్కోవడానికీ, కొత్త బట్ట కట్టుకోవడానికీ తన్నులు తిన్న కులాల ఆడవాళ్ళకు ఆ పాఠం సగమే సరిపోతుంది. మిగతా సగం మనమే రాసుకోవాలి.

ఇప్పుడు పట్టణాల్లో అరుగులున్న అంగళ్ళు తగ్గిపోయాయి. ధర్మవరంలో, హిందూపురంలో, పెనుకొండలో కూడా అద్దాల తలుపులూ, లోపల వరసల వారీగా అరలూ ఉండే దుకాణాలు వచ్చాయి. సరుకు మనమే చేత్తో తీసుకోవాలి. మా తరం వాళ్ళకు అది చూసి సంతోషమైంది. ఇంక ఎవరి చెయ్యీ ఎవరికీ తగులుతుందనే పేచీ ఉండదు గదా అనుకున్నాం. ఏమైందో చెబుతాను.

ఈ మధ్య నా కూతురితో కలిసి అట్లాంటి ఒక దుకాణానికి పోయినాను. దాని పేరు ఇక్కడ అనవసరం. ఎందుకు అనవసరమో తర్వాత చెబుతాను. నా కూతురు డిగ్రీ చదువుతోంది. దానిది రింగుల జుట్టు, ఒత్తు. మామూలు షాంపూ వేస్తే చిక్కులు పడి దువ్వెన పళ్ళు విరుగుతాయి. ఇట్లాంటి జుట్టు కోసమే తయారు చేసిన నూనె ఒకటి ఉందని తెలుసుకొని, స్కాలర్‌షిప్పు డబ్బుల్లో మిగుల్చుకొని వచ్చింది.

మా ముందు ఒకామె లోపలికి పోయింది. "రాండి మేడం, ఏం కావల్ల మేడం" అని ఎదురుపోయారు. మేం పోతే, "ఏం గావల్ల మే?" అనింది అక్కడ పనిచేసే అమ్మాయి. ఆ అమ్మాయి వయసు నా కూతురి వయసే. నేను ఎర్ర నేలలో వేరుశెనగ పీకిన చేతులతో, నల్లటి ముఖంతో, నైలాను చీరతో ఉన్నాను. ముఖం మీద కులం రాసి ఉండదు. కాబట్టి అడగాలి. "యా ఊరు మీది?" అనింది. తాడిమర్రి దగ్గర అన్నాను. "ఊర్లోనా, కాలనీలోనా?"

అక్కలారా, ఈ ప్రశ్న మీకందరికీ తెలుసు. పేరు అడిగితే కులం తెలియదు, ఇంటిపేరు అడిగితే అనుమానం వస్తుంది, నేరుగా కులం అడిగితే కేసు అవుతుంది. అందుకని వీధి అడుగుతారు. ఇల్లు అద్దెకు అడిగితే ఇదే ప్రశ్న, కాలేజీలో పక్కన కూర్చున్న పిల్ల నోటా ఇదే ప్రశ్న. నేను "కాలనీలో" అని చెప్పినాను. దాచుకోవలసిన పని నాకు లేదు.

ఆ తర్వాత ఆ అమ్మాయి మా వెనకాలే నడిచింది. నా కూతురు 399 రూపాయల సీసా తీసి చూస్తోంది. "అది మీరు కొనేది గాదులే, ప్యాకెట్లు ఆ పక్క ఉండాయి" అనింది. పిల్ల వాసన చూద్దామని మూత మీద చెయ్యి వేస్తే, "మూత తియ్యొద్దు, చెయ్యి పెడితే మళ్ళా ఎవురూ కొనరు" అనింది. అదే అర ముందర, మాకు రెండడుగుల దూరంలో, మా ముందు వచ్చిన ఆమె మూడు సీసాల మూతలు తీసి వాసన చూసి పెట్టింది. ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. మళ్ళీ నా కూతురి జుట్టు చూసి ఆ అమ్మాయి ఇంకో మాట అనింది: "ఈ జుట్టుకు ఏం బూసినా అంతేలే, స్ట్రెయిట్‌నింగు జేయించుకో." బిల్లు కట్టే చోట నా సంచి తెరిచి చూపించమన్నారు.

నేను అడిగినాను: "అందరి సంచులూ చూస్తారా, నాదొక్కటేనా? అందరివీ చూసేట్లయితే నాదీ చూపిస్తా. ముందు ఆమెది చూడండి." గొంతు పెంచలేదు. పక్కనున్న వాళ్ళందరూ తిరిగి చూశారు. లోపలి నుంచి యజమాని వచ్చి, "పిల్ల తెలియక అనిందిలేమ్మా, పో" అన్నాడు. సంచి చూపించలేదు. 399 రూపాయలు కట్టి, బిల్లు రాయించుకొని, సీసా తీసుకొని వచ్చినాము. నా కూతురు దారిలో ఒక్క మాట మాట్లాడలేదు. ఇంటికి వచ్చి, "ఆ సీసా నాకొద్దు" అనింది.

వారం తర్వాత సంఘం నుంచి ఆరుగురం ఆ దుకాణానికి పోయినాము. పోయే ముందు మా మధ్య పెద్ద చర్చ జరిగింది. కొందరు కేసు పెట్టాలన్నారు. కొందరు, ఆ పిల్ల మీదికే పోతుంది గదా, యజమాని తప్పించుకుంటాడు అన్నారు. ఒకామె సూటిగా అడిగింది: "అది కులమా, పేదరికమా, రంగా? ఏదని చెబుతాం?" ఈ ప్రశ్న మీద కాస్త నిలబడాలి.

నా ఉద్దేశంలో ఈ మూడింటినీ విడదీయమనడమే అవతలి వాళ్ళకు అనుకూలమైన ప్రశ్న. రంగు చూసి పేదరికం ఊహిస్తారు, పేదరికం చూసి కులం ఊహిస్తారు, వీధి అడిగి ఊహను ఖాయం చేసుకుంటారు. నల్లగా ఉన్న పెద్ద కులం ఆడది కారు దిగి వస్తే మేడమే అవుతుంది. కాని ఆమెకూ వేరే బాధ ఉంది. విజయవాడ మూలాలున్న నీనా దావులూరి 2013 సెప్టెంబరులో మిస్ అమెరికా అయినప్పుడు, అక్కడి జాత్యహంకారులు ఆమెను అరబ్బు అనీ ఉగ్రవాది అనీ తిట్టారు. ఇక్కడ మనవాళ్ళు, ఆమె రంగుకు మన దేశంలో అయితే కిరీటం వచ్చేది కాదని అనుకున్నారు. రెండూ నిజమే. 1975 నుంచి ఫెయిర్ అండ్ లవ్లీ అనే పేరుతో అమ్మిన క్రీముకు 2020లో గ్లో అండ్ లవ్లీ అని పేరు మార్చారు. ట్యూబులోనిది మన దుకాణాల్లో అదే అరలో ఉంది.

దుకాణంలో ఆ రోజు యజమాని మర్యాదగానే కూర్చోబెట్టాడు. కుర్చీలు చాలకపోతే తెప్పించాడు. మాకు వివక్ష లేదు, మా దగ్గర అన్ని కులాల వాళ్ళూ పనిచేస్తారు అన్నాడు. అప్పుడు ఆ అమ్మాయిని పిలిపించమన్నాం. ఆమె ఏడుస్తూ చెప్పింది. చేనేత ఇంటి పిల్ల. మగ్గం ఆగిపోయి దుకాణంలో చేరింది. పొద్దున తొమ్మిదిన్నర నుంచి రాత్రి వరకూ నిలబడే ఉండాలి. సరుకు పోతే జీతంలో కోస్తారు. ఎవరిని కనిపెట్టుకోవాలో చేరిన రోజే చెప్పారట: కూలోళ్ళు, సుగాలోళ్ళు, బురఖా వేసుకున్నోళ్ళు. యజమాని నేల చూపులు చూశాడు.

నేను అందుకే దుకాణం పేరు చెప్పనన్నాను. ఈ మూడు పేర్ల పట్టీ ఒక్క దుకాణానిది కాదు. పట్టణంలో నాలుగైదు చోట్ల పనిచేసే అమ్మాయిలను తర్వాత మేం విడివిడిగా అడిగినాం. మాటలు వేరుగా ఉన్నాయి గాని పట్టీ అదే. పోయిన సరుకు జీతంలో కోస్తామంటే ఆ పిల్ల ఎవరినో ఒకరిని అనుమానించక తప్పదు. ఎవరిని అనుమానిస్తే తిరిగి అడగరో వాళ్ళనే అనుమానిస్తుంది. కాబట్టి దుకాణాల్లో పనిచేసే ఆడపిల్లల హక్కుల సంగతి పట్టించుకోకుండా ఈ వివక్ష గురించి మాట్లాడితే సగం పనే అవుతుంది. కేరళలో 2018లో, తమిళనాడులో 2021లో దుకాణాల్లో పనిచేసే వాళ్ళకు కూర్చునే హక్కు ఉండాలని చట్టాలు సవరించారు. అక్కడ అది సాధించింది బట్టల దుకాణాల్లో పనిచేసిన ఆడవాళ్ళే. ఆ పిల్లను పని నుంచి తీసేస్తానని యజమాని అన్నప్పుడు మేం ఒప్పుకోలేదు. ఆయన చేత చేయించవలసినవి వేరే ఉన్నాయి. సంచులన్నీ వాకిలి దగ్గరే, ఎవరివైనా సరే, పెట్టించాలి. మూతలు తీసి చూసే సీసాలు అందరికీ వేరుగా పెట్టాలి. మొదటిది చేశాడు, రెండవది ఇంకా చేయలేదు.

ఇప్పుడు చట్టం సంగతి. కార్యకర్తలు దీన్ని జాగ్రత్తగా వినాలి, ఎందుకంటే పోలీస్ స్టేషనులో మనకు ముందు ఎదురయ్యేది "ఇది ఏ సెక్షను కిందికి వస్తుందమ్మా" అనే మాట.

రాజ్యాంగం 15వ అధికరణం రెండవ భాగంలో మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఎవరినీ దుకాణాల్లోకి, హోటళ్ళలోకి, వినోద స్థలాల్లోకి రాకుండా ఆపగూడదని ఉంది. దుకాణం అనే మాటకు అర్థమేమిటని రాజ్యాంగ సభలో 1948 నవంబరు 29న సభ్యులు అడిగితే, డాక్టర్ అంబేడ్కర్ చాలా విశాలమైన అర్థం చెప్పారు. లోపలికి అడుగు పెట్టనివ్వడం ఒక్కటే కాదు, ఎవరికైనా సేవ అందించడానికి తెరిచి కూర్చున్న ప్రతి చోటూ దుకాణమేననీ, అక్కడ ఒప్పుకున్న షరతుల మీద సేవ పొందే హక్కు ఉంటుందనీ ఆయన వివరణ. మంగలి షాపుకూ, చాకలి షాపుకూ, డాక్టరు గదికీ వర్తించే అర్థం అది. మన పల్లెల్లో దళితులకు క్షవరం చేయని షాపుల సంగతి మీకు తెలియనిది కాదు. మగవాళ్ళ జుట్టు సంగతైనా అది మన సంగతే, ఎందుకంటే మగపిల్లల తలలు ఇంట్లో కత్తెర పట్టుకొని కత్తిరించేది మనమే.

1955లో అంటరానితనం నేరాల చట్టం వచ్చింది. 1976లో దానికి పౌర హక్కుల పరిరక్షణ చట్టమని పేరు పెట్టి గట్టి చేశారు. అందులో 6వ సెక్షను చదవండి. సరుకు అమ్మకపోవడం ఒక్కటే నేరం కాదు. అందరికీ అమ్మే సమయంలో, అందరికీ అమ్మే చోట, అందరికీ అమ్మే షరతుల మీద అమ్మకపోవడం కూడా నేరమే. ఆమె మూత తీయవచ్చు, నువ్వు తీయగూడదంటే షరతు మారినట్లే గదా అని మనం వాదించాలి. 7వ సెక్షనులో అంటరానితనం కారణంగా అవమానించడం ఉంది. శిక్ష ఒక నెల నుంచి ఆరు నెలల జైలు, 100 నుంచి 500 రూపాయల జరిమానా. 1976 తర్వాత ఆ జరిమానా అంకె పెరగలేదు. నా కూతురు కొన్న సీసా ధర దాంట్లోకి సరిపోతుంది! కాని 8వ సెక్షను కింద లైసెన్సు రద్దు చేయమనే అధికారం కోర్టుకు ఉంది. అది వ్యాపారులకు తెలిస్తే జరిమానా కంటే ఎక్కువ పని చేస్తుంది. 12వ సెక్షను మనకు చాలా ముఖ్యం. షెడ్యూల్డు కులం వారి విషయంలో ఈ నేరం జరిగితే, కాదని రుజువయ్యేదాకా, అది అంటరానితనం కారణంగానే జరిగిందని కోర్టు భావించాలి.

1989 అత్యాచారాల నిరోధక చట్టం దీనికంటే కఠినమైనది. 2015లో సవరించి, 2016 జనవరి 26 నుంచి అమలు చేశారు. దుకాణంలోకి, ఆసుపత్రిలోకి, బడిలోకి రానీయకుండా అడ్డుకోవడం కూడా అందులో అత్యాచారంగా చేరింది. నలుగురికీ కనిపించే చోట కావాలని అవమానిస్తే 3(1)(ఆర్), కులం పేరుతో తిడితే 3(1)(ఎస్). ఆరు నెలల నుంచి అయిదేళ్ళ దాకా జైలు. నాలుగు గోడల మధ్య, బయటివాళ్ళు ఎవరూ లేనప్పుడు అన్న మాటకు ఈ సెక్షను వర్తించదని 2020 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. దుకాణంలో కొనేవాళ్ళు ఉంటారు కాబట్టి మనకు ఆ ఇబ్బంది తక్కువ. అసలు ఇబ్బంది వేరే. నీ కులం అవతలి వాళ్ళకు తెలుసునని చూపించాలి. ముక్కూ ముఖం తెలియని దుకాణంలో ఎట్లా చూపిస్తావు? "ఊర్లోనా, కాలనీలోనా" అనే ప్రశ్న అందుకే ముఖ్యం. వాళ్ళు తెలివిగా అడిగామనుకునే ప్రశ్నే మనకు సాక్ష్యం అవుతుంది. ఇంటికి రాగానే ఆ మాటను అన్నది అన్నట్లుగా, మన యాసలోనే, తేదీ, వేళతో సహా రాసి పెట్టుకోవాలి. బిల్లు పారేయగూడదు. ఆ వేళకు అక్కడ ఉన్నామని చెప్పేది బిల్లే. దుకాణంలో కెమెరాలు ఉంటే బొమ్మలు కొన్నాళ్ళకు చెరిగిపోతాయి. వెంటనే వాటిని భద్రపరచమని ఫిర్యాదులోనే రాయాలి. అత్యాచారాల చట్టం కేసు దర్యాప్తు డీఎస్పీకి తగ్గని అధికారి చేయాలి. ఎఫ్ఐఆర్ రాయడానికి ముందు విచారణ అవసరం లేదని 2018 సవరణ చెబుతోంది. 14566 నంబరుకు ఫోను చేయవచ్చు. ఉచిత న్యాయ సహాయం ఆడవాళ్ళకూ, ఎస్సీ, ఎస్టీలకూ ఆదాయంతో పని లేకుండా దొరుకుతుంది.

ఈ చట్టాల్లో చోటు లేని వాళ్ళ గురించి కూడా చెప్పాలి. ఆ పట్టీలో మూడవ పేరు బురఖా వేసుకున్నవాళ్ళు. వాళ్ళను సంచి చూపించమంటే ఏ సెక్షను? రాజ్యాంగంలో మతం అనే మాట ఉంది గాని, ప్రైవేటు దుకాణదారుడిని శిక్షించే చట్టం లేదు. అన్ని రకాల వివక్షకూ వర్తించేట్లు శశి థరూర్ లోక్‌సభలో పెట్టిన ప్రైవేటు బిల్లు అట్లానే మురిగిపోయింది. మన కాలనీల్లో ఆదివారం చర్చికి పోయే వాళ్ళ సంగతి మరొకటి. 2025లో ఒక పాస్టరు కేసులో మన రాష్ట్ర హైకోర్టు, క్రైస్తవం తీసుకున్న వారికి అత్యాచారాల చట్టం వర్తించదని చెప్పింది. దుకాణంలో "కాలనీలోనా" అని అడిగేటప్పుడు మాత్రం ఆదివారం నువ్వు ఎక్కడికి పోతావని ఎవరూ అడగరు.

నా కూతురు సెల్లులో చూపించిన సంగతి ఒకటి చెబుతాను. అమెరికాలో నల్లజాతి ఆడవాళ్ళు వాడే తలనూనెలు, షాంపూలు, దువ్వెనలు కొన్ని పెద్ద దుకాణాల్లో అద్దాల బీరువాలో తాళం వేసి పెట్టేవాళ్ళు. తెల్లవాళ్ళవి తాళం లేకుండా అదే వరసలో ఉండేవి. కావాలంటే పనివాళ్ళను పిలిచి తాళం తీయించుకోవాలి, వాళ్ళే దాన్ని బిల్లు దగ్గరికి మోసుకొస్తారు, డబ్బు కట్టేదాకా చేతికివ్వరు. కాలిఫోర్నియాలో పెర్రిస్ అనే ఊర్లో ఎస్సీ గ్రండీ అనే ఆమె 2018లో వాల్‌మార్ట్ మీద దావా వేసింది. ఆమె కొనబోయింది ఒక చిన్న దువ్వెన, దాని వెల అర డాలరు కూడా లేదు. (ఎస్సీ అనేది ఆమె పేరు, మన ఎస్సీ కాదు. నా కూతురు ఆ పేరు చదివి చాలాసేపు నవ్వింది.) 2020 మే నెలలో జార్జ్ ఫ్లాయిడ్‌ను పోలీసులు చంపిన తర్వాత దేశమంతా ఉద్యమం లేస్తే, జూన్‌లో ఆ కంపెనీ తాళాలు తీసేస్తామని ప్రకటించింది. ఇంకో రెండు మందుల దుకాణాల కంపెనీలు కూడా అదే చెప్పాయి. దావా వేసిన రోజున ఇది మా దుకాణాల్లో భద్రత విషయమని అన్నవాళ్ళే. అదే ఏడాది సెప్టెంబరులో దక్షిణాఫ్రికాలో ఒక షాంపూ ప్రకటనలో నల్లజాతి ఆడవాళ్ళ జుట్టు బొమ్మల కింద పాడైన జుట్టు, ఎండిన జుట్టు అని రాశారు. తెల్లవాళ్ళ బొమ్మల కింద మామూలు జుట్టు అని రాశారు. జనం ఆ దుకాణాల ముందు కూర్చొని మూయించారు. రింగుల జుట్టును పాఠశాలల్లో, పని చోట్ల అవమానించగూడదని కాలిఫోర్నియాలో 2019లో చట్టమే చేశారు. మన దగ్గర "ఈ జుట్టుకు ఏం బూసినా అంతేలే" అన్నందుకు ఏ చట్టమూ లేదు.

ఇంకో విడ్డూరం వినండి. మనం కదిరికీ తిరుపతికీ పోయి మొక్కు తీర్చుకొని వస్తాం. తిరుమలలో భక్తులు ఇచ్చే తలనీలాలను దేవస్థానం వేలం వేస్తుంది. అక్కడి నుంచి సముద్రాలు దాటి పోయే జుట్టులో కొంత అమెరికాలో నల్లజాతి ఆడవాళ్ళ సవరాలుగా మారుతుందని 2009లో వచ్చిన "గుడ్ హెయిర్" అనే సినిమాలో చూపించారు. మన వీధుల్లో పిన్నులకూ, స్టీలు గిన్నెలకూ దువ్వెన వెంట్రుకలు కొనేవాళ్ళు వస్తారు గదా, ఆ వెంట్రుకలు కర్ణాటకలో కొప్పళ దగ్గరికి చేరి, అక్కడ ఆడవాళ్ళే కూర్చొని చిక్కులు తీస్తారు. కాలనీలో పుట్టిన వెంట్రుక కాలనీ దాటగానే కులం పోగొట్టుకుంటుంది. వేలంలో దాని పొడుగే చూస్తారు. కాలనీ ఆడది అదే వెంట్రుకకు నూనె కొనబోతే ఏ వీధి అని అడుగుతారు.

కులాన్ని జాతి వివక్షతో సమానంగా చూడాలని 2001లో దర్బన్ సదస్సుకు మన దళిత కార్యకర్తలు పోయి అడిగితే, భారత ప్రభుత్వం ఇది మా ఇంటి విషయమని అడ్డుపడింది. 2002లో ఐక్యరాజ్యసమితి జాతి వివక్ష నిర్మూలన కమిటీ, వంశం పేరుతో జరిగే వివక్షలో కులం కూడా ఉందని చెప్పింది. 2023 ఫిబ్రవరిలో అమెరికాలోని సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. మన తెలుగువాళ్ళు అక్కడ ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. ఉద్యోగాలతో పాటు ఏమేం మోసుకుపోయారో ఆ చట్టం అవసరం పడినందువల్లే తెలుస్తోంది.

పిల్లలు దుకాణాలకు పోవడం మానేసి సెల్లులో తెప్పించుకుంటున్నారు. సెల్లు కులం అడగదు. నా కూతురూ ఇప్పుడు అదే చేస్తోంది. కాని అడ్రసులో కాలనీ పేరు రాయాలి. తెచ్చే అబ్బాయి మెయిన్ రోడ్డు మీద బండి ఆపి, "ఇక్కడికి వచ్చి తీసుకోండి" అని ఫోను చేస్తాడు. మా రోడ్డు గుంతలు కూడా నిజమే, కాబట్టి ఆ అబ్బాయిని నేనేమీ అనను. ఊర్లో ఇళ్ళ దగ్గరికి పోయే సందులోనూ గుంతలే ఉన్నాయి, అది కూడా నిజమే. నాకు పిల్లల మీద కోపం లేదు. వాళ్ళు అవమానం తప్పించుకునే దారి వెతుక్కుంటున్నారు. కాని ఆ అద్దాల తలుపు లోపలికి మనం పోవడం మానేస్తే, ఆ పట్టీ రాసిన వాళ్ళు గెలిచినట్లే నాకు కనిపిస్తుంది. అందుకే సంఘం ఆడవాళ్ళం నెలకు ఒకసారి ఇద్దరిద్దరుగా దుకాణాలకు పోయి కొనదలచుకున్నది కొని, ఎట్లా మాట్లాడారో రాసుకొని వస్తున్నాం. "మేడం" అన్నారా, "మే" అన్నారా, చిల్లర చేతిలో పెట్టారా, బల్ల మీద వేశారా, వీధి అడిగారా, సంచి చూశారా. ఇవి రాసే పుస్తకం నా దగ్గర ఉంది, మధ్యాహ్నం భోజనాల దగ్గర చూడవచ్చు. మీ మండలాల్లో కూడా మొదలుపెడితే ఒకరోజు అందరి పుస్తకాలూ కలిపి కలెక్టరు గారి ముందు పెడదాం.

నెలాఖరున పల్లెల్లో పౌర హక్కుల దినం సభ జరపాలని ప్రభుత్వ ఉత్తర్వులు ఉన్నాయి. ఆ సభలు ఎప్పుడూ కాలనీలోనే పెడతారు, మనకే చెబుతారు. ఒకసారి ధర్మవరం బజారులో పెట్టి, వ్యాపారుల సంఘాన్ని పిలిచి, 6వ సెక్షను, 8వ సెక్షను వాళ్ళకు చదివి వినిపించమని అర్జీ రాశాం. తాడిమర్రి, బత్తలపల్లి, ముదిగుబ్బ సంఘాల సంతకాలు అయ్యాయి. మిగతా మండలాల వాళ్ళు పోయేలోగా ఆ చివర బల్ల దగ్గర సంతకాలు చేయండి. వేలిముద్రలకు స్యాహీ ప్యాడు కూడా పెట్టాం.